నాలుగు ట్రాకులు చాలవా? సంగీత నిర్మాణ శిక్షణ సంస్థలకు బహిరంగ లేఖ

ఎలక్ట్రానిక్ సంగీత నిర్మాణాన్ని బోధిస్తున్న శిక్షణ సంస్థల నిర్వాహకులకు, విశ్వవిద్యాలయాలలో ఆ కోర్సుల పాఠ్యప్రణాళికలు రూపొందిస్తున్న ఆచార్యులకు,



సంగీత నిర్మాణం నేర్చుకోవాలని వచ్చిన విద్యార్థి చేతిలో చాలాచోట్ల మొదటిరోజునే కొనవలసిన వస్తువుల జాబితా పెడుతున్నారు. అందులో ఖరీదైన ల్యాప్‌టాప్ ఉంటుంది. వందల గిగాబైట్ల శాంపిల్ లైబ్రరీలు, అంటే ఎక్కడో ఎవరో ముందే రికార్డు చేసి అమ్ముతున్న వాద్యధ్వనుల భాండాగారాలు ఉంటాయి. ధ్వనిని పుట్టించడానికో మార్చడానికో ప్రధాన సాఫ్ట్‌వేర్‌కు తగిలించుకునే ప్లగిన్లు డజన్ల కొద్దీ ఉంటాయి. ఇవన్నీ సమకూరితేనే సంగీతం మొదలవుతుందన్న నమ్మకం ఆ జాబితాతోపాటే విద్యార్థి మనసులో నాటుకుంటుంది. పరికరాలు పెరిగినకొద్దీ సంగీతం మెరుగవుతుందని, తక్కువతో చేసే పని డబ్బులేనివారి సర్దుబాటు మాత్రమేనని నేర్పే ఈ వైఖరిని అంగీకరించడం సాధ్యం కాదు. దాని ఖర్చు భరిస్తున్నది తల్లిదండ్రులు, దాని ఫలితాన్ని రోజూ వింటున్నది ప్రజలు. కనుక ఇది మీకూ మీ విద్యార్థులకూ మధ్య తేలిపోయే వ్యవహారం కాదు.

ధ్వని ఎలా పుడుతుందో ఇంకా తెలియని విద్యార్థికి పదివేల ధ్వనులను అప్పగిస్తే అతడు నేర్చుకునేది ఏమిటి? ప్రీసెట్ అంటే సింథసైజర్ తయారీదారులు ముందే అమర్చి ఉంచిన ధ్వని. పేరు ఎంచుకొని మీట నొక్కగానే పలుకుతుంది గానీ, ఎందుకు అలా పలుకుతున్నదో చెప్పదు. ఒక ప్రీసెట్ నచ్చకపోతే తరువాతిది, అదీ నచ్చకపోతే ఆ పైది, ఇలా గంటలు గడిపిన విద్యార్థికి వెతకడం అలవడుతుంది, వినడం అలవడదు. ఒక ధ్వనిలో లోపమేమిటో పసిగట్టి దానిని సరిదిద్దే నేర్పు, ఇక ఏమీ చేర్చనక్కరలేదని గుర్తించే వివేకం ఆ వెతుకులాటలో ఎక్కడ కలుగుతాయి? ఈ రెండింటినీ నేర్పని శిక్షణ దేనికి రుసుము వసూలు చేస్తున్నట్లు?

మీరు బోధిస్తున్న విద్య చరిత్రను ఒకసారి తిరగవేస్తే, ఆ విద్య తొలినుంచీ పరిమితుల మధ్యనే ఎదిగిందని కనబడుతుంది. 1954లో జర్మనీలోని కొలోన్ రేడియో స్టూడియోలో కార్ల్‌హైంజ్ స్టాక్‌హౌజెన్ తన రెండవ ఎలక్ట్రానిక్ అధ్యయనాన్ని కూర్చినప్పుడు ముడిసరుకుగా తీసుకున్నది సైన్ తరంగాలను మాత్రమే. అంటే ఉపస్వరాలు ఏవీ లేని, ఒకే పౌనఃపున్యం గల ధ్వనిని. 1965లో పాలీన్ ఒలివెరోస్ శాన్ ఫ్రాన్సిస్కో టేప్ మ్యూజిక్ సెంటర్‌లో 'బై బై బటర్‌ఫ్లై' రూపొందించినప్పుడు ఆమె ఎదుట ఉన్నవి రెండు ఆసిలేటర్లు, రెండు యాంప్లిఫయర్లు, ఒక గ్రామఫోన్ రికార్డు, రెండు టేప్ రికార్డర్లు. ఆసిలేటర్ విద్యుత్ కంపనాన్ని పుట్టించే సాధనం. ఆమె వాడినవి ప్రయోగశాలల్లో పరికరాల పరీక్షకు ఉద్దేశించినవి. ఒక టేప్ రికార్డర్ నమోదు చేసిన ధ్వనిని కొంత ఆలస్యంగా రెండవది వినిపించేటట్లు అమర్చి, ఆ ఆలస్యాన్నే సంగీతానికి ఆధారంగా మలచి, ఆ గ్రామఫోన్ రికార్డులో ఉన్న, ఇటలీ స్వరకర్త పుచ్చీని ఒపెరాలోని గానాన్ని ఆమె ఆ కంపనాలలో కలిపింది. అదే సంవత్సరం స్టీవ్ రైక్ ఒక వీధి బోధకుని మాటలను రెండు టేపుల మీద చుట్టలుగా తిప్పుతూ, అవి ఒకదానినుంచి మరొకటి క్రమంగా తప్పుకుంటుంటే పుట్టే లయలతో ఒక పూర్తి రచనను నిలబెట్టాడు. కొద్దిపాటి సామగ్రిని తీసుకొని, దాని సూక్ష్మభేదాలన్నీ వినిపించేదాకా వదలకుండా పనిచేసే పద్ధతిని సంగీతంలో మినిమలిజం అంటారు. ఈ రచనల బలమంతా ఆ పట్టుదలలో ఉన్నది.

ఈ సందర్భంలో పారిస్ స్వరకర్త ఎలియాన్ రాదీగ్ పని గురించి ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే మీ తరగతి గదులలో ఆమె పేరు వినబడవలసినంతగా వినబడదు. 1970ల ఆరంభంలో ఏఆర్‌పీ 2500 అనే సింథసైజర్‌ను ఎంచుకొని, దానికి ఉండే కీబోర్డును సైతం పక్కన పెట్టి, దాదాపు మూడు దశాబ్దాలపాటు ఆమె ఆ ఒక్క యంత్రంతోనే సంగీతం కూర్చింది. కీబోర్డు ఉంటే చేతులు అలవాటుగా రాగాల వైపు పోతాయి. అది లేకపోతే స్వరం లోపలి కదలిక ఒక్కటే మిగులుతుంది. 1988 నుంచి 1993 దాకా మూడు భాగాలుగా వచ్చిన 'ట్రిలజీ ద లా మోర్' సుమారు మూడు గంటల రచన. అందులో నడిమి భాగానికి 'కైలాస' అని పేరు. మార్పు ఎప్పుడు జరిగిందో చెవి పట్టుకోలేనంత నెమ్మదిగా అక్కడ ధ్వని మారుతుంది, మారిందని తెలిసేసరికి శ్రోత మరొక చోట ఉంటాడు. ముప్ఫై ఏళ్లు ఒకే యంత్రంతో గడిపిన మనిషికి ఆ యంత్రం ఎంత తెలిసి ఉంటుందో ఊహించండి. ప్రతి ఆరునెలలకూ కొత్త ప్లగిన్‌కు మారమని ప్రోత్సహించే బోధనలో అలాంటి పరిచయానికి చోటెక్కడిది?

మన దేశం నుంచే ఒక ఉదాహరణ ఉంది. జపాన్‌కు చెందిన రోలాండ్ సంస్థ 1980ల తొలినాళ్లలో టీబీ-303 అనే చిన్న పెట్టెను విడుదల చేసింది. బేస్ వాయించే తోడు లేని గిటారిస్టులకు పనికివస్తుందని ఉద్దేశించిన ఆ పెట్టెలో ఉన్నది ఒకే ఆసిలేటర్, ఒక ఫిల్టర్, కొన్ని తిప్పుడు మీటలు. ఫిల్టర్ అంటే ధ్వనిలోని కొన్ని పౌనఃపున్యాలను వడకట్టి తక్కినవాటిని పోనిచ్చే భాగం. నిజమైన బేస్ గిటార్‌లా పలకదన్న కారణంగా అది అమ్ముడుపోలేదు, 1984 నాటికి తయారీ ఆగిపోయింది. హిందీ చిత్రసీమలో వాద్యకారుడిగా పేరుపొందిన చరణ్‌జీత్ సింగ్ 1982లో ఈ పెట్టెను, అదే సంస్థ తయారుచేసిన టీఆర్-808 తాళయంత్రాన్ని, జూపిటర్-8 సింథసైజర్‌ను ఒకదానితో ఒకటి అనుసంధానించి పది రాగాలను డిస్కో లయలో రికార్డు చేశాడు. తెలుగువారు మోహనగా ఎరిగిన భూపాలీ, హిందోళంగా ఎరిగిన మాల్కౌంస్ ఆ పదిలో ఉన్నాయి. ఒక స్వరంనుంచి మరొక స్వరానికి జారే స్లయిడ్ అనే సదుపాయం ఆ చవక పెట్టెలో ఉండటంతో, మెట్లు మెట్లుగా పలికే పాశ్చాత్య కీబోర్డుకు అందని నడక రాగానికి దక్కింది. అయిదేళ్ల తరువాత, 1987లో, షికాగోలో ఫ్యూచర్ అనే యువబృందం చేతులు మారిన టీబీ-303 ఒకటి సంపాదించి, పాట నడుస్తుండగానే దాని ఫిల్టర్ మీటలను తిప్పుతూ చేసిన 'యాసిడ్ ట్రాక్స్'ను వెలువరించింది. యాసిడ్ హౌస్ అనే సంగీతశాఖకు ఆ రికార్డు పేరు పెట్టింది. చరణ్‌జీత్ సింగ్ రికార్డు 2010లో మళ్లీ వెలువడ్డాకే ప్రపంచం దానివైపు చూసింది. రెండు దేశాల్లో, ఒకరినొకరు ఎరగని సంగీతకారులు అదే పెట్టెలో ఎవరూ ఊహించని ధ్వనిని కనుగొన్నారంటే, అందులో మీటలు తక్కువ కావడమే ఒక ముఖ్య కారణం. ఏ మీట తిప్పితే ఏమవుతుందో వారు పూర్తిగా తెలుసుకోగలిగారు.

జమైకాలోని కింగ్‌స్టన్‌లో రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేసుకుంటూ బతికిన కింగ్ టబ్బీ, ఒక పెద్ద స్టూడియో వదిలించుకున్న నాలుగు ట్రాకుల మిక్సింగ్ బల్లను తెచ్చుకొని వాటర్‌హౌస్ పేటలోని తన ఇంట్లో అమర్చుకున్నాడు. ట్రాక్ అంటే ఒక్కొక్క వాద్యాన్నో గొంతునో విడిగా నమోదు చేసే దారి. నాలుగే దారులున్నచోట కొత్తగా చేర్చడానికి ఏమీ ఉండదు. కాబట్టి ఉన్న పాటలోంచి గొంతును తీసివేసి, డ్రమ్ములనూ బేస్‌నూ మిగిల్చి, అక్కడొక మాటను ప్రతిధ్వనిలోకి జారవిడిచి అతడు డబ్ అనే పద్ధతికి రూపం ఇచ్చాడు. నేటి నృత్యసంగీతంలో రీమిక్స్ అన్న భావనకే అది ఒక మూలం. తీసివేయడం కూడా కూర్పేనని ఇంతకంటె స్పష్టంగా చూపిన సంగీతకారుడు మరొకరు లేరు, అయినా మీ పాఠ్యాంశాల్లో మిక్సింగ్ అంటే ఇప్పటికీ చేర్చడమే ఎందుకయింది? పది సెకన్ల జ్ఞాపకశక్తి మాత్రమే ఉన్న ఎస్‌పీ-1200 అనే శాంప్లర్ (ధ్వని ముక్కలను నమోదు చేసి తిరిగి పలికించే యంత్రం) మీద హిప్‌హాప్ నిర్మాతలు రికార్డులను ఎక్కువ వేగంతో తిప్పి నమోదు చేసి, తరువాత స్థాయి తగ్గించి వాడుకోవడం వల్ల గరుకైన ఒక ప్రత్యేక ధ్వని పుట్టింది. మూడే గొంతులున్న కొమడోర్ 64 కంప్యూటర్ చిప్‌లో, కొన్ని స్వరాలను అతివేగంగా ఒకదాని తరువాత ఒకటి పలికించి ఒకే గొంతుతో స్వరసమూహం పలుకుతున్నట్లు భ్రమింపజేశారు. ఇలాంటివి ఇంకా ఎన్నో ఉన్నాయి.

వారికి గత్యంతరం లేక అలా చేశారని, నేడు ఆ ఇబ్బంది లేనప్పుడు ఎందుకు మడిగట్టుకోవాలని మీరు అడగవచ్చు. ఆ ప్రశ్నకు 1990ల తరువాతి చరిత్ర జవాబు చెబుతుంది. డెట్రాయిట్‌కు చెందిన రాబర్ట్ హుడ్ 1994లో 'మినిమల్ నేషన్' చేసినప్పుడు మరిన్ని పొరలు పేర్చడం అతనికి అసాధ్యమేమీ కాదు. నృత్యసంగీతం అనవసరపు హంగుతో బరువెక్కిందని భావించి ఉద్దేశపూర్వకంగానే దానిని ఎముకల దాకా తగ్గించాడు. ఇంగ్లండుకు చెందిన మాథ్యూ హర్బర్ట్ 2000లో తనకు తానే ఒక నియమావళి రాసుకున్నాడు: తయారుగా ఉన్న ధ్వనులు వాడకూడదు, డ్రమ్ మెషీన్ వాడకూడదు, ఫ్యాక్టరీ ప్రీసెట్లు వాడకూడదు, పనిలో దొర్లిన ప్రమాదాలను చెరిపివేయకూడదు. లండన్ సంగీతకారుడు బరియల్ 2007లో ఎంతో ప్రశంస పొందిన 'అన్‌ట్రూ' ఆల్బమ్‌ను, తాళాన్ని గళ్లలో సరిచేసే సదుపాయం లేని సాదా ధ్వని ఎడిటర్‌లో, తరంగాల ఆకారాన్ని కంటితో చూసి అమర్చుకుంటూ నిర్మించాడు. ఆ తాళం కాస్త తడబడుతూ, ఊపిరి తీస్తున్నట్లు నడవడానికి కారణం అదే. అన్నీ అందుబాటులో ఉన్న కాలంలో వీరు కొన్నింటిని నిరాకరించారు. ఆ నిరాకరణకు కావలసిన తీర్పు ఎలా అలవడుతుందో నేర్పడం మీ బాధ్యత కాదా?

తెలుగు విద్యార్థికి ఈ ఆలోచన పరాయిది అని ఎవరూ అనలేరు. అవధాన సభలో నిషిద్ధాక్షరి అంశం నడుస్తున్నప్పుడు, అవధాని పలకబోయే ప్రతి అక్షరానికీ ముందు పృచ్ఛకుడు ఒక అక్షరాన్ని నిషేధిస్తాడు. ఆ నిషేధమే అవధానిని ఎవరూ ఊహించని పదం వైపు నెడుతుంది. పెదవులు కలవని అక్షరాలతోనే రాసే నిరోష్ఠ్య కావ్యాలు మన భాషలో వెలిశాయి. రాగానికి కనీసం అయిదు స్వరాలుండాలన్న సంప్రదాయాన్ని దాటి, తూర్పు గోదావరి సీమలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ నాలుగు స్వరాలతో మహతినీ లవంగినీ, మూడే స్వరాలతో సర్వశ్రీనీ సృష్టించి పాడారు. వాటి మీద వాదోపవాదాలు చెలరేగాయి, కానీ మూడు స్వరాలతో కీర్తన నిలబడుతుందని వినికిడి ఒప్పుకుంది. ఇంతటి వారసత్వం ఇంట్లో ఉండగా, సాఫ్ట్‌వేర్ కంపెనీల ప్రకటన పత్రాలను పాఠ్యపుస్తకాలుగా చేసుకోవలసిన అగత్యం ఏమొచ్చింది?

ప్రజలకు ఇందులో జరుగుతున్న నష్టం డబ్బుతో ఆగడం లేదు. అందరూ అవే లైబ్రరీలు కొని, అవే లూపులు, అంటే మళ్లీ మళ్లీ తిరిగే తయారు లయఖండాలు వాడినప్పుడు, పాటకూ పాటకూ తేడా తగ్గుతుంది. దప్పు కావలసి వస్తే విదేశంలో ఎవరో ఎన్నడో రికార్డు చేసిన 'భారతీయ తాళవాద్యాల' గుంపులోంచి దానికి దగ్గరగా ఉన్నదేదో ఎంచుకుంటారు. ఊరి దప్పు చలికాలం నిప్పుల మీద కాచిన తరువాత ఒకలా, వానలో నానిన తరువాత మరొకలా పలుకుతుంది. ఆ తేడా లైబ్రరీకి తెలియదు. బోనాల ఊరేగింపులో, పెళ్లి బరాత్‌లో తీన్‌మార్ దరువును కంప్యూటర్‌లో పేర్చి డీజే పాటలు చేస్తున్న యువకులు ఏ సంస్థలోనూ చదవకుండానే జనాన్ని ఆడిస్తున్నారు. వారి పనిలో లోపాలు ఉంటే ఉండవచ్చు, కానీ తక్కువ సామగ్రితో ఒక చోటును, ఒక సమూహాన్ని వినిపించగలుగుతున్నారు. వారిని మీ తరగతికి పిలిచి విన్న సందర్భాలు ఎన్ని?

యంత్రాలు తెచ్చుకోవడం ఒకటి, విద్యను నిలుపుకోవడం మరొకటి అని మన దేశానికి ఇదివరకే అనుభవం ఉంది. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ సాయంతో ఒక మూగ్ సింథసైజర్, టేప్ యంత్రాలతో ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియో ఏర్పడింది. గీతా సారాభాయ్, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషిపురా వంటివారు అక్కడ పనిచేశారు. కొన్నేళ్లకే ఆ పని ఆగిపోయి, టేపులు దశాబ్దాలపాటు భాండాగారంలో పడి ఉన్నాయి. బ్రిటిష్ కళాకారుడు పాల్ పుర్గస్ వాటిని వెలికితీయగా 2023లో అవి ఆల్బమ్‌గా వచ్చాయి. అప్పటి ప్రపంచస్థాయి యంత్రం మన దగ్గర ఉన్నది, దానితో పనిచేసిన ప్రతిభావంతులూ ఉన్నారు, తరువాతి తరానికి అందిన బోధన మాత్రం లేదు. ఈ చరిత్ర తెలిసిన తరువాత కూడా కొత్త కోర్సు ప్రారంభమంటే కొనుగోలు పత్రమేనని భావించడం సమంజసమేనా?

పరిశ్రమలో ఉద్యోగం దొరకాలంటే పెద్ద లైబ్రరీలు తెలిసి ఉండాలన్న మీ మాటలో నిజం ఉంది. సినిమా నేపథ్యసంగీతం కొద్ది రోజుల్లో ఇవ్వవలసివచ్చినప్పుడు వాద్యబృందాన్ని కంప్యూటర్‌లోనే వినిపించగల నేర్పు అవసరమే, ప్రోగ్రామింగ్ చేసేవారికి అది అన్నం పెడుతుంది కూడా. అయితే దానిని చివరి సంవత్సరంలో నేర్పవచ్చు. ఇరవై ధ్వనులలో సరైనదాన్ని క్షణంలో గుర్తించే చెవి ముందే సిద్ధమై ఉంటే, ఇరవైవేల ధ్వనుల లైబ్రరీ ఆ విద్యార్థికి పనిముట్టుగా ఉపయోగపడుతుంది; చెవి సిద్ధం కాకపోతే అదే లైబ్రరీ అతని గడువును తినేస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఈ లేఖను చూపి ప్రభుత్వ కళాశాలలకు పరికరాలు మంజూరు చేయకుండా తప్పించుకోవాలని ఎవరైనా చూస్తే అది ఘోరమైన అపార్థం అవుతుంది. కళాకారుడు కోరి విధించుకునే పరిమితి వేరు, విద్యార్థి నెత్తిన రుద్దే లేమి వేరు. కింగ్ టబ్బీకి నాలుగు ట్రాకులే ఉండటం వెనుక వలసపాలన మిగిల్చిన పేదరికం ఉంది, దానిని కీర్తించవలసిన పని లేదు. వినికిడిలో పొదుపు పనికిరాదు: నమ్మదగిన హెడ్‌ఫోన్లు, ఉన్నది ఉన్నట్లు పలికే స్పీకర్లు, బయటి రొద సోకని గది, ఒకటి రెండు మంచి మైకులు ప్రతి విద్యార్థికీ అందుబాటులో ఉండవలసిందే. తగ్గించవలసింది వీటిని కాదు. మొదటి సంవత్సరంలో విద్యార్థి ముందు పరిచే ధ్వనుల రాశిని, ట్రాకుల సంఖ్యను తగ్గించాలి.

అది ఆచరణలో ఎలా ఉంటుందో చెప్పడం కష్టం కాదు. మొదటి మాసాల్లో ఒక్క ఆసిలేటర్, ఒక్క ఫిల్టర్‌తో విద్యార్థి తన ధ్వనులన్నీ తానే తయారుచేసుకోవాలి. ఆ తరువాత దప్పు మీద పడిన ఒకే ఒక్క దెబ్బను ఫోనులో రికార్డు చేసి, దాని నిడివినీ స్థాయినీ మార్చి, తిరగవేసి, వడకట్టి, నాలుగు ట్రాకులకు మించకుండా అయిదు నిమిషాల రచన చేయాలి; లయ, శ్రుతి, స్వరం, నిశ్శబ్దం అన్నీ ఆ దెబ్బలోంచే రావాలి. రచన పూర్తయ్యాక ఒక ట్రాకును తీసివేసి మళ్లీ వినిపించమని, ఏది మంచిగా ఉందో, ఎందుకో వాదించమని అడగాలి. దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కరలేదు: మిల్లర్ పకెట్ 1990లలో రూపొందించిన ప్యూర్ డేటా, జేమ్స్ మెకార్ట్నీ మొదలుపెట్టిన సూపర్‌కొలైడర్, బడిపిల్లల కోసం శామ్ ఆరన్ తయారుచేసిన సోనిక్ పై ఉచితంగా దొరుకుతున్నాయి, పాత కంప్యూటర్ల మీద కూడా నడుస్తాయి. మదింపు వేసేటప్పుడు మిక్స్ ఎంత నిండుగా ఉందన్న ప్రశ్నను పక్కన పెట్టి, విద్యార్థి వదిలివేసిన వాటికి అతడు చెప్పే కారణాలకు మార్కులు ఇవ్వండి.

ఆచార్యులారా, నిర్వాహకులారా, రానున్న విద్యాసంవత్సరం ప్రవేశ ప్రకటనల్లోంచి ఆ కొనుగోలు జాబితాను తొలగించండి. మొదటి ఏడాది ఏ పరికరాలతో, ఏ పరిమితులలో ఏమి నేర్పబోతున్నారో రుసుము తీసుకోకముందే తల్లిదండ్రులకు తెలుగులో రాసి ప్రకటించండి. సంవత్సరాంతంలో ఆ నాలుగు ట్రాకుల రచనలను ఊరి గ్రంథాలయంలోనో కళాశాల ఆవరణలోనో ప్రజల ముందు వినిపించి, మీ బోధన ఎలా ఉందో వారినే చెప్పనివ్వండి.